విటమిన్ రిపోర్టుకు ఎవరూ ఫోన్ చెయ్యరు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న సీనియర్లకు, వెనక వరుసలో కూర్చుంటే తొందరగా బయటపడొచ్చని కూర్చున్న మిత్రులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదో ఒకటి మాట్లాడండి సార్, ఆరోగ్యం గురించైతే జనం లేవకుండా కూర్చుంటారు" అన్నారు. ఏదో ఒకటి కాదండీ. నాకు చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది చాలాకాలంగా గొంతులోనే ఉండిపోయింది.

నేను డాక్టర్ని కాను. ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి, అక్కడే రిటైరయ్యాను. మీలో చాలామంది మొహాలు నాకు తెలియవు. రక్తం మాత్రం తెలిసే ఉంటుంది.

ముందు ఒకసారి చేతులెత్తాలి మీరు. రోజూ ఏదో ఒక విటమిన్ మాత్ర వేసుకునేవాళ్లు? సగానికి పైనే ఉన్నారు. దించండి. బీపీకి మాత్ర వాడేవాళ్లు? ఇంకా ఎక్కువ. ఆ బీపీ మాత్రలో ఒంట్లో నీరు తీసే మందు, అంటే మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసే మందు, కలిసి ఉందో లేదో తెలిసినవాళ్లు? నాలుగైదు చేతులు. ఈ ఏడాదిలో సోడియం, పొటాషియం పరీక్ష చేయించుకున్నవాళ్లు? సరే, దించండి. నేనెందుకు వచ్చానో ఇప్పుడు మీకు తెలిసింది.

ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంటుంది. కొన్ని ఫలితాలు వస్తే రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగకూడదు. వెంటనే వార్డుకి ఫోన్ చెయ్యాలి. అవతల ఎవరెత్తారో పేరు రాసుకోవాలి. అంకె చెప్పి, వాళ్ల నోటితో మళ్లీ చెప్పించుకోవాలి. ఆ తర్వాతే ఫోన్ పెట్టాలి. పొటాషియం 6.5 వచ్చిందా, ఫోన్. 2.5కి పడిందా, ఫోన్. సోడియం 120కి దిగిందా, అర్ధరాత్రయినా ఫోన్. విటమిన్ డి ఎంత తక్కువ రానివ్వండి, బి12 అడుగంటనివ్వండి, ఆ రిపోర్టు మామూలు కట్టలో కలిసి రేపో ఎల్లుండో వెళ్తుంది. నా సర్వీసు మొత్తంలో విటమిన్ రిపోర్టు పట్టుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. విటమిన్లకూ ఎలక్ట్రోలైట్లకూ, అంటే ఈ సోడియం, పొటాషియం లాంటివాటికీ, తేడా ఏమిటని ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

ఎందుకలా? విటమిన్లు మొత్తం 13. ఎ, సి, డి, ఇ, కె, బి గుంపులో ఎనిమిది. ఇవన్నీ కార్బన్ చుట్టూ అల్లుకున్న అణువులు. మన శరీరం వీటిని చాలావరకు సొంతంగా తయారు చేసుకోలేదు, చేసుకున్నా చాలినంత చేసుకోలేదు. వీటిలో చాలావాటి పని ఒంట్లో రసాయన పనులు నడిపే ఎంజైములకు సాయపడటం. ఎంజైము వడ్రంగి అనుకుంటే విటమిన్ అతని చేతిలో ఉలి. ఒక ఉలితో ఎన్ని తలుపులైనా చెక్కొచ్చు, తలుపుకో ఉలి అక్కర్లేదు. అందుకే విటమిన్లు అంత తక్కువ చాలుతాయి. బి12 రోజుకు రెండు మూడు మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పది లక్షల వంతులు రెండో మూడో. పైగా నిల్వ ఉంటుంది. లివర్‌లో ఉన్న బి12 కొన్నేళ్లు నడిపిస్తుంది. సి అంతగా నిల్వ ఉండదంటారు, అదీ నెలో రెండు నెలలో పూర్తిగా అందకపోతే తప్ప స్కర్వీ బయటపడదు. వెనకటి ఓడల్లో నావికులకు చిగుళ్ల నుంచి రక్తం కారింది బయల్దేరిన వారంలో కాదు, నెలల తర్వాత. విటమిన్ లోపం చిన్నదని నేననను. కళ్లు పోతాయి, నరాలు పోతాయి. కానీ మనిషికి కాస్త టైమిస్తుంది.

ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1945 నాటి మాట. ఆయన పేరు వచ్చింది కాబట్టి ఒక్కసారి చప్పట్లు కొడదాం. ... సంతోషం. విటమిన్ల మీద నాకేం కక్ష లేదని రుజువు కోసం కూడా ఆ పేరు చెప్పాను.

ఇక ఎలక్ట్రోలైట్లు. సోడియం, పొటాషియం, క్లోరైడ్, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, బైకార్బనేట్. నీళ్లలో కరిగితే విద్యుదావేశంతో తిరిగేవి ఇవి. వీటిలో సోడియం, పొటాషియం లాంటివి అసలు మూలకాలే. ఎంతసేపు మరిగించినా సోడియం సోడియమే. విటమిన్ సిని అలా మరిగిస్తే చాలావరకు పాడవుతుంది. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. పొటాషియం 3.5 నుంచి 5 దాకా. చూడండి, ఎంత ఇరుకు సందో! ఒంట్లో ఉన్న పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, సోడియం ఎక్కువగా బయట. ప్రతి కణం గోడలోనూ ఒక పంపు ఉంది. మూడు సోడియంలను బయటికి తోస్తుంది, రెండు పొటాషియంలను లోపలికి లాగుతుంది. దీన్ని 1957లో బయటపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ గారికి 1997లో నోబెల్ ఇచ్చారు. నలభై ఏళ్లు ఆగి! మన పెన్షన్ అరియర్స్ నయం. ఈ పంపు నిలబెట్టిన తేడా వల్లే నరంలో సంకేతం పరుగెడుతుంది, కండరం ముడుచుకుంటుంది, గుండె కొట్టుకుంటుంది. ఆ తేడా చెడితే గుండె లయ తప్పడానికి నెలలక్కర్లేదు.

సిడ్నీ రింగర్ కథ మీకు చెప్పాలి. లండన్ డాక్టరు, 1880ల నాటివాడు. కప్ప గుండెను బయటికి తీసి, ఉప్పు నీళ్లలో ఎంతసేపు కొట్టుకుంటుందో చూస్తున్నాడు. బ్రహ్మాండంగా కొట్టుకుంది. ఆ ఫలితాన్ని అచ్చు వేయించాడు కూడా. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ ద్రావణం కలిపింది డిస్టిల్డ్ వాటర్‌తో కాదు, కుళాయి నీళ్లతో. సరైన డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి చూస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాసింత కాల్షియమే అన్నాళ్లూ దాన్ని ఆడించింది! రింగర్ గారు 1883లో ఆ సంగతి మళ్లీ అచ్చు వేయించాడు. ఆసుపత్రిలో 'ఆర్‌ఎల్' అని వేలాడదీసే బాటిల్ చూశారు కదా, అందులో 'ఆర్' ఈయనే.

మా బాబాయి విషయానికి వస్తాను. దీనికోసమే ఒప్పుకున్నాను ఈ ప్రసంగానికి.

హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. బీపీకి మాత్ర మార్చారు, కొత్తదాంట్లో నీరు తీసే మందు ఉంది. కొన్ని వారాలకు మనిషి మందకొడిగా తయారయ్యాడు. అన్నం సయించడం లేదు, వికారం, నడుస్తుంటే తూలు. పేపరు చేతిలో పట్టుకుని అదే పేజీ చూస్తూ కూర్చునేవాడు. "వయసు కదా, నీరసం" అన్నారు ఇంట్లో. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్తే, పేరు చెప్పను, అక్కడా నీరసం అనే అన్నారు. రక్తం తియ్యలేదు. ఎర్ర సూది ఒకటి, బి12 అది, పైన బి-కాంప్లెక్స్ మాత్రలు. మర్నాటికి మూత్రం పచ్చగా వచ్చింది. పిన్నికి ఎంత సంతోషమో! "మందు ఒంటికి పడుతోంది" అని నాకు ఫోన్‌లో చెప్పింది. ఆ పచ్చదనం రైబోఫ్లేవిన్ది, బి2ది. ఒంటికి అక్కర్లేనిది బయటికి పోతోందన్నమాట. పిన్నీ, ముందు సోడియం చూపించండి అని మొత్తుకున్నాను. "డాక్టరు గారు సూది రాశారు కదరా, కోర్సు పూర్తి కానీ" అంది. కోర్సు పూర్తి కాలేదు. బాత్రూంలో పడి తుంటి విరిగింది. ఆపరేషన్‌కి ముందు రక్తం తీస్తే సోడియం 112.

అర్థమైందాండీ? 135 ఉండాల్సింది 112. సోడియం పడిపోతే బయటి నీరు కణాల్లోకి చేరుతుంది. కాలో చెయ్యో వాస్తే చోటుంటుంది. మెదడు వాస్తే పుర్రెలో చోటెక్కడిది? అదే పేజీ చూస్తూ కూర్చోవడం నీరసం వల్ల కాదు. వెంటనే ఎక్కించేద్దామంటే అదీ కుదరదు. గబగబా పెంచితే మెదడు నరాల మీది పొర దెబ్బతింటుంది. 24 గంటల్లో ఎనిమిది, మహా అయితే పది దాటకుండా, కొన్ని గంటలకోసారి రక్తం తీసి చూసుకుంటూ పెంచారు. తుంటి ఆపరేషన్ అన్నాళ్లూ ఆగింది. చేతికర్ర లేకుండా మళ్లీ నడవలేదు ఆయన. నాకు కోపం ఆ క్లినిక్ మీద ఒక్కదాని మీదే కాదు, 'నీరసం' అనే మాట మీద. ఏమొచ్చినా నీరసం, నీరసానికి విటమిన్!

బీపీ మాత్రలు ఆపేయమని నేను అనడం లేదు, దయచేసి అలా ఇంటికెళ్లి చెప్పకండి. సొంతంగా ఆపితే పక్షవాతం రావచ్చు. మాత్ర పేరు చూపించి, "డాక్టరు గారూ, ఇందులో నీరు తీసే మందుందా, సోడియం పొటాషియం ఎప్పుడు చూద్దాం" అని అడగండి, అంతే. కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడకట్టి లీటరున్నరో రెండో బయటికి వదుల్తాయి. ఏది ఎంత ఉంచుకోవాలో తేల్చేది అవే. వయసుతో ఆ లెక్క కొంచెం మందగిస్తుంది, మందు దాని మీద ఇంకో చెయ్యి వేస్తుంది.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. రెండు ముక్కలు, అయిపోతుంది.

విటమిన్లూ ఎలక్ట్రోలైట్లూ, ఈ రెండు జాతులూ ఒకదాన్నొకటి ఎరగనివేం కాదు. పేగులోంచి కాల్షియం సరిగ్గా రక్తంలోకి రావాలంటే విటమిన్ డి కావాలి. ఆ డి పనిచేసే రూపంలోకి మారాలంటే మెగ్నీషియం కావాలి. డి ఎక్కువైపోతే ఏమవుతుంది? కాల్షియం పెరిగిపోతుంది, వాంతులు, తికమక, కిడ్నీలకు దెబ్బ. వారానికోసారి వేసుకోమన్న అరవై వేల యూనిట్ల డి మాత్రను రోజూ వేసుకుంటే ఇక్కడికే వస్తారు. అప్పుడు ల్యాబ్ నుంచి ఫోన్ వెళ్తుంది, కానీ అది డి గురించి కాదు, కాల్షియం గురించి.

1971లో, బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ బాటిళ్లు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్లలో కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అక్కడ మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకి దిగాయి. పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి లాగే ద్వారం ఉంది, వాటి వెంట నీరూ వస్తుంది. ఓఆర్‌ఎస్ కిటుకంతా అదే. ఆ డబ్బాల్లో ఒక్క విటమిన్ లేదు. ఇప్పుడు రంగు సీసా మీద 'విటమిన్లు, ఎలక్ట్రోలైట్లు' అని రెండూ కలిపి రాసి అమ్ముతున్నారు. విరేచనాలప్పుడు అది ఓఆర్‌ఎస్‌కి బదులు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. రంగు సీసాల్లో సాధారణంగా దానికి చాలా తక్కువ, చక్కెర ఎక్కువ. లేబుల్ మీద అంకె చదవండి, బొమ్మ కాదు.

ఇంకొక్కటి, మా ల్యాబ్ వాళ్ల బాధ. పొటాషియానికి రక్తం ఇస్తున్నప్పుడు పిడికిలి పదేపదే మూసి తెరవకండి. చేతికి బిగించి కట్టిన పట్టీ ఎక్కువసేపు ఉంచితే విప్పమని అడగండి. కండరంలో ఉన్న పొటాషియం రక్తంలోకి వచ్చేస్తుంది. రక్తం లాగడంలో తేడా వచ్చి ఎర్రకణాలు పగిలినా అంతే. రక్తాన్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లోంచి తీస్తే లేత పసుపుగా ఉండాల్సిన సీరమ్, అంటే పైన తేలే నీరు, గులాబీ రంగులో ఉంటుంది. అది చూస్తేనే మాకు గుండె జారుతుంది. ఆ అంకె నిజమో, పగిలిన కణాల మాయో తెలియదు, మళ్లీ రక్తం కావాలని కబురు పెడతాం. మీరేమో, ల్యాబ్ వాళ్లు శాంపిల్ పారేశారని తిడతారు. కార్యదర్శి గారు, మీరు కూడా తిట్టారు ఒకసారి, నాకు గుర్తుంది.

కిడ్నీ జబ్బున్నవాళ్లు 'తక్కువ సోడియం ఉప్పు' కొనేముందు డాక్టర్ని అడగండి, అందులో సోడియం తగ్గించి పెట్టేది పొటాషియమే. ఇది మర్చిపోయేవాణ్ణే, మైకు ఇచ్చేముందు గుర్తొచ్చింది. అమ్మా, ఇందాక చెయ్యెత్తి దించకుండా ఉంచారు, మీరు అడగండి.