అట్టపెట్టెకి బరువు కాదు, బలం చూడాలి

(విజయవాడలో అట్టపెట్టెలు చేసేవాళ్ళు, కొనేవాళ్ళు కలిసి కూర్చున్న సమావేశంలో మాట్లాడింది)

అందరికీ నమస్కారమండి. ఆటోనగర్ నుంచి, కొండపల్లి నుంచి, గుంటూరు నుంచి చాలామంది వచ్చారు. పెట్టెలు చేసేవాళ్ళున్నారు, వాటిని కొనే పచ్చళ్ళవాళ్ళు, స్వీట్ షాపులవాళ్ళు, మామిడి పంపేవాళ్ళు, మిర్చి ఎక్స్‌పోర్టర్లు ఉన్నారు. ఇద్దరూ ఒకే హాల్లో ఉండటం మంచిదైంది, ఎందుకంటే నేను ఇవాళ చెప్పబోయే పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు.

సస్టెయినబిలిటీ అనగానే మనవాళ్ళు చెప్పే మాట ఒకటుంది, "మాది పేపరేనండి, ప్లాస్టిక్ కాదుగా, మాకేంటి" అని. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, ఆఖరికి స్వీట్ బాక్సు పైన చుట్టే ప్లాస్టిక్ రేపరు కూడా బ్యాన్ అయ్యాక ఈ ధీమా ఇంకా పెరిగింది. నేనైతే ఒప్పుకోనండి. పేపర్ మిల్లులో మెషిన్ మొదట్లో నిలబడి చూడండి, జాలీ మీదకి వచ్చేదాంట్లో 100 కేజీలకి 99 కేజీలు నీళ్ళే ఉంటాయి, మిగతా కాస్తా గుజ్జు, ఆ నీళ్ళన్నీ పిండేసి, ఆవిరితో కాలే సిలిండర్ల మీద ఆరబెడితే అప్పుడు రీలు వస్తది, ఆ ఆవిరి కోసం మన దేశంలో చాలా మిల్లుల్లో బొగ్గే కాలుస్తారు. అంటే మన పెట్టెలకి వాడే గోధుమరంగు పేపరు, అదే క్రాఫ్ట్ పేపర్, ప్రతి కేజీ వెనకా నీళ్ళు, బొగ్గు ఉన్నాయి. బ్రిటన్ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ఇచ్చిన రిపోర్టులో ఏం తేలిందంటే, వాతావరణం లెక్కలో పేపర్ బ్యాగు, పల్చటి ప్లాస్టిక్ సంచి కంటే మేలు అనిపించుకోవాలంటే దాన్ని కనీసం 3 సార్లు వాడాలట. మనం ఒకసారి వాడి పారేస్తాం.

ఐక్యరాజ్యసమితి 2015లో 17 లక్ష్యాలు పెట్టుకుంది, గడువు 2030. అందులో 12వది మన వ్యాపారం గురించే రాశారా అన్నట్టు ఉంటది, వస్తువు తయారీలోనూ వాడకంలోనూ బాధ్యత అని. దాని కింద 12.5 అని ఒక చిన్న లైను ఉంది. చెత్త అసలు పుట్టకుండా చూడటం, తగ్గించడం, రీసైకిల్ చేయడం, మళ్ళీ వాడటం, ఈ నాలుగూ అందులో ఉన్నాయి. ఆ వరసలో మొదటిది చూశారా, పుట్టకుండా చూడటం. మనవాళ్ళు నేరుగా మూడోదానికి దూకేస్తారు, పెట్టె మీద మూడు బాణాల గుర్తు అచ్చేసి పని అయిపోయింది అనుకుంటారు. అవసరం లేని పేపరు పెట్టెలోకి ఎక్కకుండా ఆపడమే మనం చేయగలిగిన అతి పెద్ద పని అని నా నమ్మకం, అది ఆగాల్సింది ఫ్యాక్టరీలో కాదండి, పర్చేజ్ ఆర్డర్‌లో.

ఇప్పుడు మన దగ్గర ఆర్డర్ ఎలా రాస్తున్నారు? 5 ప్లై, ఇంత జీఎస్ఎం, ఇంత బీఎఫ్, అయిపోయింది. కొందరైతే అది కూడా ఉండదు, శాంపిల్ పెట్టె చేత్తో నొక్కి చూసి "గట్టిగానే ఉందిలే" అంటారు. ప్లై అంటే పొరలు, జీఎస్ఎం అంటే చదరపు మీటరు పేపరు ఎన్ని గ్రాములు ఉందో ఆ లెక్క, బీఎఫ్ అంటే బర్స్టింగ్ ఫ్యాక్టర్, పేపర్ని మధ్యలో రబ్బరు పొరతో కింద నుంచి నెడితే ఎక్కడ పగులుద్ది అనే లెక్క. మరి మీ గొడౌన్లో పెట్టెని ఎవరైనా మధ్యలో పొడుస్తున్నారా? ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పేర్చినప్పుడు పెట్టె నలగకుండా నిలబడుద్దా లేదా అన్నదే ప్రశ్న, దానికి కొలత వేరే ఉంది. అట్టని నిలువుగా నిలబెట్టి పైనుంచి నొక్కితే ఎంత బరువుకి నలుగుద్దో చూసేది ఎడ్జ్ క్రష్ టెస్ట్, ఈసీటీ అంటారు. మొత్తం పెట్టెని ప్రెస్‌లో పెట్టి నొక్కేది కంప్రెషన్ టెస్ట్. అమెరికాలో 1963లోనే మెక్కీ అనే ఆయన లెక్కగట్టి చూపించాడు, అట్ట ఈసీటీ, మందం, పెట్టె చుట్టుకొలత తెలిస్తే ఆ పెట్టె ఎంత బరువు ఆపుద్దో ముందే చెప్పొచ్చని. 1991లో అక్కడి రైల్వే, లారీ రవాణా రూల్స్ మార్చి, బర్స్టింగ్, బరువు బదులు ఈసీటీ చూపించినా చాలు అన్నారు. అప్పట్నుంచి అక్కడ తక్కువ పేపరుతో అదే బలం ఉన్న పెట్టెలు చేయడానికి దారి దొరికింది. మనం ఇంకా కేజీల్లోనే ఉన్నాం.

ఎందుకు ఉన్నామో కూడా దాచకుండా మాట్లాడుకుందాం. పెట్టె రేటు మనం కేజీ లెక్కన కడతాం, పెట్టె బరువెక్కితే చేసేవాడి బిల్లు పెరుగుద్ది, కొనేవాడికి కూడా బరువుంటే మంచి పెట్టె అనే నమ్మకం, ఇద్దరికీ తగ్గించాల్సిన అవసరమే కనపడదు. మంచి పేపరు తెచ్చి, ఫ్లూట్, అంటే అట్ట లోపల అలల్లా ఉండే పొర, సరిగ్గా తీసి, గమ్ సరిగ్గా వేసి, తేలికైన గట్టి పెట్టె చేసేవాడు ఈ లెక్కలో నష్టపోతున్నాడు. ఇది అన్యాయం అండి, ఇది మారకుండా ఎన్ని గోల్స్ గోడకి తగిలించుకున్నా ఉపయోగం లేదు.

ఒక లెక్క చేద్దాం, మీ ఫోన్లలో కొట్టుకోండి. పచ్చడి సీసాల పెట్టె 12 కేజీలు, గొడౌన్లో 6 ఎత్తు పేరుస్తారు అనుకుందాం. అడుగు పెట్టె మీద 5 పెట్టెలు, 60 కేజీలు. 60 కేజీలకి పెట్టె చేస్తే చాలదు, గాలిలో తేమ ఉంటది, నెలల తరబడి నిలబడే కొద్దీ అట్ట అలిసిపోతది, లారీలో కుదుపులుంటాయి, అందుకని 4 రెట్లు పెట్టుకుందాం, 240 కేజీలు. ఇప్పుడు మీ ఆర్డర్‌లో ఒక్క ముక్క రాయండి, "కంప్రెషన్ 240 కేజీలకి తగ్గకూడదు" అని. ఎన్ని ప్లై, ఎంత జీఎస్ఎం అన్నది పెట్టె చేసేవాళ్ళకి వదిలేయండి, వాళ్ళకి ఆ విద్య వచ్చు, 7 ప్లై అడిగిన చోట 5 ప్లైతో సరిపెట్టి చూపించేవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. రేటు కేజీకి కాకుండా పెట్టెకి మాట్లాడుకోండి. టెస్టు చేయించుకోవాలంటే హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ వాళ్ళ సెంటర్ ఉంది, నలుగురు కలిసి ఇక్కడే ఒక కంప్రెషన్ మెషిన్ కొనుక్కున్నా తప్పులేదు.

తేమ సంగతి కొంచెం ఆగి చెప్పాలి, మన ఊరికి అది చాలా పెద్ద విషయం. మే నెలలో బెజవాడ ఎండకి అట్ట పెళుసెక్కి మడత దగ్గర పగులుద్ది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అదే అట్ట మెత్తబడుద్ది. గాలిలో తేమ 50 శాతం నుంచి 90 శాతానికి పోతే పెట్టె మోసే బరువు దాదాపు సగానికి పడిపోతది. దీనికి మనవాళ్ళ మందు ఏంటంటే ఇంకో రెండు పొరలు వెయ్యడం. పొరలు కాదండి వేయాల్సింది, పెట్టె కింద పాలెట్, అంటే నేలకి తగలకుండా ఎత్తి పెట్టే చెక్క పీట, వేయాలి. చాలా గొడౌన్లలో పెట్టెలు నేరుగా సిమెంటు నేల మీద, గోడకి ఆనించి ఉంటాయి, కింది వరస తేమ పీల్చేసి కూలితే నింద పెట్టె చేసినవాడి మీదకి పోతది, వచ్చే ఆర్డర్‌లో జీఎస్ఎం పెరుగుద్ది. పేర్చడం కూడా అంతే. పెట్టెకి మూలలే స్తంభాలు, బరువులో ఎక్కువ భాగం అవే మోస్తాయి. మూల మీద మూల వచ్చేలా నిలువు వరసల్లో పేరిస్తే ఆ బలం మొత్తం పనికొస్తది, ఇటుకల గోడలాగా అడ్డదిడ్డంగా పేరిస్తే పై పెట్టె మూల వచ్చి కింది పెట్టె నడుము మీద కూర్చుంటది. ముఠా వాళ్ళకి ఇది ఒక్కసారి దగ్గరుండి చూపిస్తే చాలు, చక్కగా చేస్తారు, చూపించేవాళ్ళే లేరు. అలాగే ఫ్లూట్ గీతలు నిలువుగా ఉండాలి, షీటు కలిసొస్తదని అడ్డంగా తిప్పి కోసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, ఆ పెట్టెలో ఎంత పేపరు పెట్టినా దండగే.

ఇక పెట్టె పని అయిపోయాక. మన క్రాఫ్ట్ పేపర్ ఎక్కువ భాగం పాత అట్టల నుంచే వస్తది, ఇది నిజంగా మనం గర్వపడాల్సిన విషయం. కానీ ఆ పాత అట్టలు మన దగ్గర చాలక అమెరికా నుంచి, యూరప్ నుంచి ఓడల్లో తెచ్చుకుంటున్నాం. చైనా 2021 నుంచి చెత్త దిగుమతి పూర్తిగా ఆపేశాక అక్కడి మిల్లులకి గుజ్జు, పేపరు మన దేశంతో సహా వేరే దేశాల నుంచి పోవడం మొదలైంది, మన దగ్గర క్రాఫ్ట్ రేట్లు ఎలా ఎగిరాయో పెట్టెలు చేసేవాళ్ళకి నేను గుర్తు చేయక్కర్లేదు. ఒకవైపు అలా కొనుక్కొస్తూ ఇంకోవైపు వన్ టౌన్లో రాత్రి షాపులు మూసేటప్పుడు చూడండి, మంచి అట్టలు తడిచెత్తలో కలిసిపోయి పొద్దున చెత్తబండి ఎక్కుతున్నాయి. నూనె, కూర అంటిన అట్ట మిల్లుకి పనికిరాదు. పొడిగా విడిగా కట్టి పెడితే పాత సామాన్లవాళ్ళు డబ్బులిచ్చి తీసుకెళ్తారు, ఆ తోపుడుబండి ఆయనే మన రీసైక్లింగ్‌కి మొదటి మెట్టు, ఆయనతో మర్యాదగా ఉండాలి, తూకంలో ఆయనకి గిట్టేలా ఇవ్వాలి.

స్వీట్ షాపుల వాళ్ళకి ఒక మాట, మీ బాక్సులు చాలా అందంగా ఉంటాయి, ఆ మెరుపు ప్లాస్టిక్ లామినేషన్‌ది. మిల్లులో పాత అట్టల్ని పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి గిరగిరా తిప్పి గుజ్జు చేస్తారు, లామినేషన్ ఉన్న అట్ట అందులో సరిగ్గా విడిపోదు, పైన ఫిల్మ్ మిగిలిపోయి తనతోపాటు కొంత గుజ్జుని కూడా చెత్తలోకి లాక్కుపోతది. నీళ్ళతో చేసే వార్నిష్ దొరుకుతుంది, మెరుపు కొంచెం తక్కువ, బాక్సు మాత్రం మళ్ళీ పేపర్ అవుతది. బ్రౌన్ టేపు కూడా ప్లాస్టిక్కే, బదులుగా జిగురు రాసిన పేపర్ టేపు వాడొచ్చు. తినే వస్తువు నేరుగా రీసైకిల్ అట్టకి తగలనివ్వకండి, న్యూస్ పేపర్లో అయితే అసలు చుట్టొద్దు, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్సే ఒప్పుకోవు.

పాత అట్టలతోనే ఎప్పటికీ బండి నడవదు. మిల్లులో గుజ్జు అయిన ప్రతిసారీ నార పొట్టిదవుద్ది, అలా అయిదారు సార్లు తిరిగేసరికి అది పట్టు నిలవదు, అందుకే ఎక్కడో ఒకచోట కొత్త నార కలవాలి. ఆ నార అడవి కొట్టి రాకూడదు. 1988 జాతీయ అటవీ విధానం కూడా అదే చెప్పింది, మిల్లులు తమకి కావాల్సిన కలప రైతులతో పెంచించుకోవాలని. మన నందిగామ, కంచికచర్ల వైపు వెళ్తే రోడ్డు పక్కన సుబాబుల్ తోటలు కనపడతాయి కదా, రాజమండ్రి మిల్లుకైనా సారపాక మిల్లుకైనా పోయేది ఇలాంటి రైతుల కలపే. మూడు నాలుగేళ్ళకి కోతకొస్తది, కొట్టిన మొదలు నుంచి మళ్ళీ చిగురేస్తది, నేలకి నత్రజని ఇస్తది. పెట్టె మీద ఎఫ్ఎస్‌సీ గుర్తు, అంటే కలప బాధ్యతగా పెంచిన చోటు నుంచే వచ్చిందని చెప్పే సర్టిఫికెట్ గుర్తు, ఉందా అని అడుగుతున్నారు బయటి దేశాల వాళ్ళు, మంచిదే, అడగాలి. కానీ ఆ కలప కొన్నవాళ్ళు డబ్బులు టైముకి ఇచ్చారా అని కూడా మనం అడగాలి. బకాయిల కోసం ఏళ్ళ తరబడి తిరిగిన సుబాబుల్ రైతులు నాకు తెలుసు, వాళ్ళల్లో కొందరు మొదళ్ళు పీకేసి వేరే పంటకి పోయారు. రైతు పోతే నార పోతది, తర్వాత ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా ఏం లాభం.

గుంటూరు మిర్చి ఎక్స్‌పోర్టర్లు, పచ్చళ్ళు బయటికి పంపేవాళ్ళు ఇది రాసుకోండి. యూరప్ వాళ్ళ కొత్త ప్యాకేజింగ్ చట్టం 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, దాని రూల్స్ 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తాయి. 2030 నాటికి రవాణా పెట్టెల్లో, ఆన్‌లైన్ పార్సిల్స్‌లో ఖాళీ జాగా సగానికి మించకూడదు. ఖాళీలో కూరిన పేపరు ముక్కలు, థర్మోకోల్ కూడా ఖాళీ కిందే లెక్క. అంటే రెండు సైజుల పెట్టెలతో అన్నీ నడిపించే పద్ధతి ఇక కుదరదు. అయినా దీనికి యూరప్ దాకా ఎందుకండి, అమెరికాలో ఉన్న పిల్లలకి ఆవకాయ పంపేటప్పుడు కొరియర్ వాడు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000 పెట్టి భాగించి ఆ బరువుకి డబ్బులు తీసుకుంటున్నాడుగా, పెద్ద పెట్టెలో చిన్న సీసా పెడితే గాలికి చార్జీ కడుతున్నాం. ఇక్కడ కూడా షేర్ మార్కెట్లో లిస్టయిన టాప్ 1000 కంపెనీలు పర్యావరణం మీద ఏం చేస్తున్నాయో ఏటా రిపోర్టు ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది, అందుకే ఆ కంపెనీలకి సరుకిచ్చే మనకి కూడా ఫారాలు వస్తున్నాయి, పేపర్ ఎక్కడిది, కరెంటు ఎంత, కటింగ్ వేస్ట్ ఏం చేస్తున్నారు అని. వాటిని ఆడిటర్‌కి పడేయకండి. రీళ్ళు ఎన్ని కేజీలు లోపలికొచ్చాయి, పెట్టెలుగా ఎన్ని కేజీలు బయటికెళ్ళాయి, ట్రిమ్, అంటే కోతలో పోయే ముక్కలు, ఎంత పోయింది, ఈ మూడూ మన షాప్ ఫ్లోర్ మీద రోజూ బోర్డు మీద రాస్తే చాలు, ఫారం నిండిపోద్ది, పైగా డబ్బు ఎక్కడ కారిపోతుందో కూడా కనపడుద్ది.

కంప్రెషన్ లెక్కతో ఆర్డర్ ఎలా రాయాలో ఒక పేజీ నమూనా తెలుగులోనే రాసి జిరాక్సులు తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. కొనేవాళ్ళు ఒక్క ఐటమ్‌తో మొదలుపెట్టండి, చేసేవాళ్ళు ఆ ఒక్కదానికి పెట్టె రేటు కోట్ చేయండి. నున్న మార్కెట్‌కి మామిడి దిగేలోపు మొదటి లాటు టెస్టు రిజల్టులు చేతికొస్తే, సీజన్ పెట్టెలు అదే లెక్కన ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇప్పుడు మీరు అడగండి, తేమ దగ్గర నుంచి మొదలుపెడదాం.