డ్యూటీ చార్టు చూడకుండా రిపోర్టు చదవలేం

అందరికీ నమస్కారం.

రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు ఈ హాల్లో కొందరు ఉన్నారు. ముఖాలు చూస్తేనే తెలుస్తోంది. వెనక వరసల్లో ఎవరికైనా కళ్లు మూతపడితే నేనేమీ అనుకోను. పోలీసుల నిద్ర, కొలెస్ట్రాల్ గురించి చెప్పడానికి వచ్చి, నిద్రపోతున్నవాళ్లను లేపడం బాగుండదు.

పోయిన వారం క్యాంపులో తీసిన రక్తపరీక్షల రిపోర్టులు ఈ రోజు పొద్దుటి నుంచి చూస్తున్నాను. ఒక హెడ్ కానిస్టేబుల్ గారు కాగితం టేబుల్ మీద పెట్టి, కాస్త కోపంగానే అడిగారు: "సార్, గుడ్డు మానేశాను. మటన్ నెలకోసారి. ఇంట్లో నూనె కూడా మార్చాం, సీసా మీద కొలెస్ట్రాల్ లేదని రాసుంది. అయినా ఈ అంకెలేంటి సార్?"

నూనె సంగతి ముందు తేల్చేస్తాను. వేరుశనగైనా, పొద్దుతిరుగుడైనా, నువ్వులైనా, గింజల నుంచి తీసిన నూనెల్లో లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు. సీసా మీద ఆ మాట రాయడం, మంచినీళ్ల సీసా మీద "ఇందులో కారం లేదు" అని రాయడం లాంటిది.

ఇక ఆయన అంకెలు. పేరు చెప్పను గానీ, అంకెలు చెప్పమని ఆయనే అన్నారు. మొత్తం కొలెస్ట్రాల్ 210. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 34. రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 280. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 120. ఎవరైనా మొదట 210 చూస్తారు, "రెండొందలకు పది పాయింట్లేగా ఎక్కువ" అంటారు. నాకు ఆందోళన కలిగించింది 210 కాదు. 34, 280. మగవాళ్లకు హెచ్‌డీఎల్ 40 దాటి ఉండాలి, ఆడవాళ్లకు 50 దాటాలి. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. ఇంకో విషయం, ఎల్‌డీఎల్ 120 అని ఉందే, చాలా ల్యాబుల్లో దాన్ని నేరుగా కొలవరు, లెక్క కడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసేస్తారు. 210లోంచి 34 పోతే 176, అందులోంచి 56 పోతే 120. అంటే ట్రైగ్లిజరైడ్లు పెరిగినకొద్దీ ఎల్‌డీఎల్ మంచిగా కనబడుతుంది! అందుకే మధ్యలో వచ్చిన ఆ 176 చూడమంటాను. దాన్నే నాన్ హెచ్‌డీఎల్ అంటారు. అది 130 లోపు ఉంటే మంచిది.

నేను ఆయన్ని తిండి గురించి అడగలేదు, అది ఆయనే చెప్పేశారు. డ్యూటీ గురించి అడిగాను. నాలుగు నెలలుగా ఎక్కువ నైట్లే. మధ్యలో బందోబస్తులు. భోజనం ఎప్పుడంటే, "రౌండ్స్ మధ్యలో, ఒంటిగంట దాటాక సార్." మరి నిద్ర? "కోర్టు లేని రోజు పొద్దున తొమ్మిదికి పడుకుంటా. పన్నెండుకల్లా మెలకువ వచ్చేస్తుంది." కోర్టు ఉన్న రోజు సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రిపోర్టులో నాకు కనపడని సగం అక్కడుంది.

ఎలాగో చెబుతాను. మన ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ప్లేటులోంచి వచ్చింది కాదు. శరీరమే తయారు చేసుకుంటుంది, అందులో కాలేయానిది పెద్ద పాత్ర. ఆ కాలేయానికి ఒక గడియారం ఉంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. కణాల లోపల గడియారం ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధన చేసి చూపించినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ ఇచ్చారు. మెదడులో ఉన్న పెద్ద గడియారం వెలుతురును చూసి నడుస్తుంది. కాలేయంలోది ఎక్కువగా భోజనం వేళను చూసి నడుస్తుంది. రాత్రంతా మేలుకుని, ఒంటిగంటకు తిని, పగలు ఎండలో ఇంటికి వెళితే రెండు గడియారాలూ రెండు టైములు చూపిస్తాయి. కంట్రోల్ రూమ్ ఒక టైమ్, స్టేషన్ ఇంకో టైమ్ రాసుకుంటే కేసు డైరీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న బిర్యానీ, రాత్రి ఒంటిగంటకు తిన్న బిర్యానీ ఒంటికి ఒకటి కావు. రాత్రిపూట ఇన్సులిన్ పని మందగిస్తుంది. చక్కెర, కొవ్వు రక్తంలో ఎక్కువసేపు తిరుగుతాయి. ట్రైగ్లిజరైడ్లు పైకి వెళ్తాయి. అవి పైకి వెళ్తే హెచ్‌డీఎల్ కిందికి దిగడం మామూలే, తక్కెడ పళ్లేల్లాగా. దీనికి తోడు టెన్షన్. వైర్‌లెస్ సెట్‌లో మన స్టేషన్ పేరు వినపడగానే ఒంట్లో అడ్రినలిన్ లేస్తుంది కదా, అది నిల్వ ఉన్న కొవ్వును రక్తంలోకి వదులుతుంది. పరిగెత్తడానికి పనికొచ్చే ఇంధనం అది. పరిగెత్తకుండా జీపులో కూర్చుంటే ఆ కొవ్వు కాలేయానికి చేరి మళ్లీ ట్రైగ్లిజరైడ్లుగా బయటికొస్తుంది.

మరి రాత్రి రెండింటికి మిర్చి బజ్జీ ఎందుకు అంత రుచిగా ఉంటుంది? దానికీ లెక్క ఉంది. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను వరసగా రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లు అడిగింది కూరగాయలు కాదు, తీపి, ఉప్పు, పిండి వంటలు. కాబట్టి బజ్జీల బండి దగ్గర ఆగిన కానిస్టేబుల్‌ని నేను తిట్టను. ఆయన నోరు ఆయన మాట వినే స్థితిలో ఉండదు.

"ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని మన పెద్దలన్నారు. మొదటి సగం ఒప్పుకుంటాను. రెండో సగంతో డాక్టరుగా నాకు పేచీ ఉంది. నిద్ర వస్తే బెంచీ మీదా పడుకుంటాం, నిజమే. కానీ పడుకున్న నిద్ర ఎలాంటిదనేది కొలవచ్చు. 1989లో పిట్స్‌బర్గ్‌లో తయారైన ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. నిద్ర పట్టడానికి ఎంతసేపు, ఎన్నిసార్లు మెలకువ, పగలు కునుకు, ఇలాంటివి అడిగి 0 నుంచి 21 వరకు మార్కులు వేస్తారు. ఈ పరీక్షలో మార్కులు తక్కువొచ్చినవాళ్లే పాసు. 5 దాటితే నిద్ర బాగాలేదని అర్థం.

ఈ పట్టికతోనే అమెరికాలోని బఫెలో నగరంలో పోలీసులను పరీక్షించారు. ఆ పని వెనక ఉన్న జాన్ వయొలాంటి అనే ఆయన ప్రొఫెసర్ కాకముందు 23 ఏళ్లు న్యూయార్క్ రాష్ట్ర పోలీసు. డ్యూటీ తెలిసినవాడు కాబట్టి "మీరు నైట్లు ఎన్ని చేశారు" అని నోటిమాటగా అడిగి ఊరుకోలేదు. జీతాల రికార్డులు తెప్పించి 1994 నుంచి ఏ రోజు ఏ షిఫ్టులో పనిచేశారో రోజువారీగా తీయించారు. పగటి షిఫ్టు వాళ్లలో 44 శాతం మందికి నిద్ర బాగాలేదు. మధ్యాహ్నం షిఫ్టులో 60 శాతం. రాత్రి షిఫ్టులో 69 శాతం. అదే నగరంలో 2009లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, అర్ధరాత్రి షిఫ్టు వాళ్లకు మెటబాలిక్ సిండ్రోమ్ ఎక్కువని తేలింది. అంటే నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ అనే ఐదింటిలో కనీసం మూడు అదుపు తప్పడం. అందులోనూ నిద్ర తక్కువైనవాళ్లలో, ఓవర్‌టైమ్ చేసినవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఇక్కడ మీలో ఎవరైనా క్రాస్ ఎగ్జామినేషన్ చేయొచ్చు. "నైట్ చేసేవాళ్లు తాగుతారు, సిగరెట్లు కాలుస్తారు, అందుకే అలా వచ్చిందేమో?" మంచి ప్రశ్న. దానికి నా దగ్గరున్న సాక్ష్యం పాతది, 1983 నాటిది. నాకు చాలా ఇష్టమైనది కూడా.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్. 45 మంది పోలీసులు. వాళ్ల షిఫ్టులు వెనక్కి తిరిగేవి, అంటే ప్రతి కొత్త షిఫ్టు ముందుదానికంటే ముందే మొదలయ్యేది. ఒర్త్-గోమెర్ అనే పరిశోధకురాలు చేసింది ఒక్కటే. కొన్ని వారాలపాటు ఆ తిరుగుడు దిశ మార్చారు. పొద్దున, తర్వాత సాయంత్రం, తర్వాత రాత్రి. గడియారం ముల్లు తిరిగే వైపే. పని గంటలు తగ్గించలేదు, మందులివ్వలేదు. అదే మనుషులు, అదే ఊరు, అదే డ్యూటీ. ముందుకు తిరిగిన వారాల్లో వాళ్ల ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, రక్తంలో చక్కెర తగ్గింది, నిద్ర బాగుపడింది. కాగితం మీద గళ్లు మార్చితే రక్తంలో అంకెలు మారాయి! మన ఒంటి గడియారం సహజంగా 24 గంటలకంటే కాస్త ఎక్కువ. ఆలస్యంగా పడుకోవడం దానికి సులువు, త్వరగా పడుకోవడం కష్టం. అందుకే దిశకు అంత విలువ.

అదే దేశంలో 1986లో 504 మంది పేపర్ మిల్లు కార్మికులను 15 ఏళ్లపాటు గమనించిన అధ్యయనం వచ్చింది. షిఫ్టుల్లో గడిపిన ఏళ్లు పెరిగేకొద్దీ గుండెజబ్బు ముప్పు పెరిగింది. 20 ఏళ్లు దాటినవాళ్లలో మాత్రం తగ్గినట్టు కనిపించింది. అలవాటైపోయిందని కాదు. తట్టుకోలేనివాళ్లు మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయి ఉంటారు, మిగిలినవాళ్లు గట్టివాళ్లు. "ముప్పై ఏళ్లు నైట్లు చేశా, నాకేం కాలేదు" అనే సీనియర్ ప్రతి స్టేషన్లోనూ ఒకరుంటారు. ఆయన మాట నిజమే, కానీ ఆయన్ని చూసి లెక్క వేయకండి.

ఒక విషయంలో నేను జాగ్రత్తగా మాట్లాడాలి. చెడ్డ కొలెస్ట్రాల్ అంటున్న ఎల్‌డీఎల్ నైట్ డ్యూటీతో పెరుగుతుందా అంటే పరిశోధనలు ఒకే మాట చెప్పవు. ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ విషయంలో సాక్ష్యం గట్టిగా ఉంది. మనకు దెబ్బ తగిలేదీ అక్కడే. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్లు నాలుగు ప్రాంతాల్లో చేసిన సర్వేలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లు దాదాపు 14 శాతమే, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లు 72 శాతం. అసలే బలహీనంగా ఉన్న గోడకు ఆనుకుని మనం నైట్ డ్యూటీ చేస్తున్నాం.

ఇక మన పరిస్థితి. బఫెలోలో షిఫ్టులు ఉన్నాయి కాబట్టి షిఫ్టుల గురించి పరిశోధించారు. మనకు షిఫ్టు ఎక్కడుంది? హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీతో కలిసి కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ 2014లో ఇచ్చిన నివేదికలో, స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని ఉంది. నెలలో ఒక్క వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదని చెప్పిన స్టేషన్ అధికారులు 73 శాతం పైనే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు నాకు సంతోషమనిపించింది. అది మీకు ఎన్ని వారాలు అందిందో మీ ఇంట్లోవాళ్లకు తెలుసు. నిమజ్జనం, మేడారం, బ్రహ్మోత్సవాలు, ఎన్నికలు. వాటిని ఎవరూ ఆపలేరు. నేను అడిగేది బందోబస్తు లేని మామూలు రోజుల గురించి.

డ్యూటీలు వేసే రైటర్ గారికీ, సీఐ గారికీ నా విన్నపం రెండు ముక్కలు. షిఫ్టు మార్చేటప్పుడు ముందుకే మార్చండి, వెనక్కి మార్చకండి. నైట్ దిగినవాడిని అదే పొద్దున కోర్టు డ్యూటీకి పంపకండి. ఐరోపా దేశాల చట్టంలో రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి ఉండాలని ఉంది. మనకు 11 అనేది పెద్ద మాటే, అయినా ఎనిమిదితో మొదలుపెట్టొచ్చు.

మా నాన్నగారు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. నైట్ దిగి వస్తే కళ్ల మీద తడి తువ్వాలు వేసుకుని పడుకునేవారు. ఆ పూట అమ్మ రుబ్బురోలు ముట్టేది కాదు, మమ్మల్ని వీధి చివరికి తరిమేసేది. పగటి నిద్ర పనికి చేటని నాన్నమ్మ గొణిగినా అమ్మ పట్టించుకునేది కాదు. నేను ఈ రోజు చెప్పేది దాదాపు అమ్మ చేసిందే. ఇక్కడికొచ్చిన అమ్మలకూ చెల్లెళ్లకూ చెబుతున్నాను: గది చీకటిగా ఉంచండి, ఆయన ఫోను మీ దగ్గర పెట్టుకోండి. మహిళా కానిస్టేబుళ్లకు ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నైట్ దిగి వచ్చి పిల్లల క్యారేజీలు కట్టేది వాళ్లే. వాళ్లింట్లో మగవాళ్లు వినాలి.

నైట్ ఉన్న రోజు అసలు భోజనం డ్యూటీ ఎక్కకముందే చేయండి. అర్ధరాత్రి దాటాక ఆకలేస్తే గుప్పెడు వేరుశనగలో, పండో, మజ్జిగో. టీ మొదటి సగంలో తాగండి, పంచదార తగ్గించి. మూడు దాటాక తాగిన టీ, తొమ్మిదింటి నిద్రను తినేస్తుంది.

గురక పెట్టేవాళ్లు, పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు వేరేగా వచ్చి నన్ను కలవండి. అది స్లీప్ ఆప్నియా కావచ్చు. 2011లో ఉత్తర అమెరికాలో దాదాపు ఐదు వేల మంది పోలీసులను పరీక్షిస్తే మూడో వంతు మందిలో ఆ లక్షణాలున్నాయి. డ్రైవర్లు తప్పకుండా రండి. ఆ అధ్యయనంలోని పోలీసుల్లో దాదాపు నాలుగో వంతు మంది, నెలకోసారైనా స్టీరింగ్ ముందు కునుకు తీస్తామని ఒప్పుకున్నారు.

కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లకు ఒక్క మాట. "రాత్రి వేసుకోమన్నారు సార్, రాత్రి డ్యూటీలో మర్చిపోతున్నా" అని పొద్దుటి నుంచి ముగ్గురు చెప్పారు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజులో ఏ వేళైనా పనిచేస్తాయి. మీది వాటిలో ఒకటైతే పొద్దున బ్రష్ దగ్గర పెట్టుకోండి. మానేయకండి.

మన హెడ్ కానిస్టేబుల్ గారికి మళ్లీ పరీక్ష రాశాను. రెండు మూడు రాత్రులు ఇంట్లో పడుకున్నాక, పన్నెండు గంటలు ఏమీ తినకుండా. అప్పుడు ట్రైగ్లిజరైడ్లు ఎక్కడుంటాయో చూసి మందు సంగతి మాట్లాడతాం. మీరందరూ కూడా వచ్చే క్యాంపుకి రిపోర్టుతో పాటు గత నెల డ్యూటీలు ఒక కాగితం మీద రాసుకుని రండి. నైట్లు ఎన్ని, దిగాక ఎన్ని గంటలు పడుకున్నారు, అంతే.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. ఈ రాత్రి రౌండ్స్ ఉన్నవాళ్లు ముందు అడిగి, ఇంటికెళ్లి పడుకోండి.