నాలుగు డెమోలు ఆడాను: కంటికి నచ్చినవి, చేతికి నచ్చినవి

అందరికీ నమస్కారం. ఈ రోజు నాలుగు వీడియో గేమ్ డెమోల గురించి, అంటే కొనేముందు ఉచితంగా ఆడి చూడమని ఇచ్చే ముక్కల గురించి మాట్లాడుకుందాం. రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్ (పాత గేమ్‌నే కొత్తగా చేసింది), ఫైనల్ ఫాంటసీ 16, డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్, ది స్టాన్లీ పారబుల్. ఇవేవీ నిన్న మొన్న వచ్చినవి కావు. కానీ ఈ నాలుగు గేమ్స్‌లో ఏదీ నేను ఇంతకుముందు ఆడలేదు. అందుకే ఇవే తీసుకున్నాను. రివ్యూలు చదవలేదు, ట్రైలర్లు చూడలేదు, నేరుగా డెమో డౌన్‌లోడ్ చేసి కూర్చున్నాను.

గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయో ట్రైలర్ చూస్తేనే తెలిసిపోతుంది. డెమోలో నేను వెతికేది వేరే. ఆ గేమ్ కొంటే గంటల తరబడి నేను చేయబోయే పని ఏమిటి? ఆ పని డెమోలో నా చేతికి వచ్చిందా లేదా? నాలుగింటినీ దాంతోనే తూచాను.

ముందు రెసిడెంట్ ఈవిల్ 4. 2023 మార్చిలో గేమ్ కంటే కొద్ది రోజుల ముందు వచ్చిన 'చెయిన్‌సా డెమో' ఇది. టైమ్ లిమిట్ లేదు, ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు. అదే రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ అప్పుడు ఇచ్చిన డెమోలో ముప్పై నిమిషాలు అవగానే ఆట ఆగిపోయేది. గడియారం తరుముతుంటే పరిగెత్తడమే తప్ప నిలబడి చూడటం కుదరదు. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. ఉన్న టెన్షనంతా ఆటలోదే.

అడవి దారి, ఒక ఇల్లు, ఆ తర్వాత ఊరు. ఊళ్లోకి అడుగుపెట్టాక జనం మన మీద దాడికి నలువైపుల నుంచీ వస్తారు. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. పిస్టల్ గురిపెట్టి నడుస్తుంటే స్క్రీన్ మీద గురి గుర్తు వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. ఆగి, కదలకుండా నిలబడితే మెల్లగా దగ్గరికి ముడుచుకుంటుంది. అంటే గురి కుదరాలంటే నిలబడాలి, ప్రాణం దక్కాలంటే కదలాలి. ఎదురుగా ముగ్గురు గొడ్డళ్లు పట్టుకుని వస్తున్నారు, వెనక ఎక్కడో రంపం మోటార్ స్టార్టయింది, నా బొటనవేలేమో కంట్రోలర్‌లో నడిపించే స్టిక్ మీద నుంచి లేవట్లేదు. భయం అక్కడుంది, ఆ అర సెకనులో. మొదటిసారి నేను నిలబడలేకపోయాను. పరిగెత్తి గోడకు తగులుకున్నాను, చచ్చిపోయాను.

రెండోసారి కత్తి సంగతి తెలిసింది. రంపం మీదికి దిగే క్షణంలో సరిగ్గా బటన్ నొక్కితే మనం ఆడించే హీరో లియాన్ కత్తిని అడ్డుపెట్టి దాన్ని ఆపేస్తాడు. నిప్పురవ్వలు లేస్తాయి. కానీ ఆ దెబ్బకి కత్తి బాగా అరిగిపోతుంది, ఇంకెన్నిసార్లు ఆపగలమో లెక్క చూసుకోవాలి. చివరికి చర్చి గంట మోగగానే అందరూ ఆయుధాలు దించేసి అటు నడిచి వెళ్లిపోతారు. ఆ నిశ్శబ్దంలో కంట్రోలర్ కింద పెట్టి చూసుకుంటే అరచేతులు తడిగా ఉన్నాయి.

ఆడాక చదివితే ఇంకోటి తెలిసింది. ఇందులో మరింత కష్టమైన 'మ్యాడ్ చెయిన్‌సా మోడ్' ఒకటి దాచిపెట్టారు. ఊరికే ఇచ్చే డెమోలో కూడా వెతికేవాళ్ల కోసం ఒక రహస్యం పెట్టారంటే, చేసినవాళ్లకి ఆ ఊరంటే ఎంత ఇష్టమో చూడండి.

ఫైనల్ ఫాంటసీ 16 దగ్గరికి వద్దాం. సుమారు రెండు గంటల డెమో, గేమ్ మొదటి భాగమే ఇచ్చారు, సేవ్ ఫైల్ (ఎంతవరకు ఆడామో దాచుకునేది) అసలు గేమ్‌లోకి తీసుకెళ్లొచ్చు. చూడటానికి అద్భుతం, అందులో సందేహం లేదు. కథ కూడా పట్టేసింది, ముఖ్యంగా అన్నదమ్ములు క్లైవ్, జాషువాల మధ్య సన్నివేశాలు. కానీ ఆ రెండు గంటల్లో చాలాసేపు నేను చూస్తూ కూర్చున్నాను. దెబ్బ తగిలే ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకుంటే కాలం నెమ్మదిస్తుంది, వెంటనే ఎదురుదెబ్బ కొట్టొచ్చు. అది చేతికి భలే హాయిగా ఉంది. అలవాటవుతుందనుకునేసరికి మళ్లీ కట్‌సీన్, అంటే ఊరికే చూడాల్సిన సినిమా ముక్క. అయితే కథ అయిపోగానే డెమో తీసేయకండి. తర్వాత 'ఐకానిక్ ఛాలెంజ్' అని ఇంకో ముక్క తెరుచుకుంటుంది, గేమ్‌లో ముందుకెళ్లాక వచ్చే శక్తులతో ఒక కోటలో పోరాటం. నా ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది. అది ముందే ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో!

ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వని డెమో. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్. దాదాపు పది గంటల డెమో అండీ ఇది! ఇదీ సేవ్ ఫైల్ గేమ్‌లోకి వెళ్తుంది. ఆట మొదటి భాగాన్ని ఉచితంగా చేతిలో పెట్టడం పాత పద్ధతే, 1993లో డూమ్ అనే గేమ్ మొదటి ఎపిసోడ్‌ని అలాగే పంచారు. కానీ పది గంటలంటే, నచ్చలేదనడానికి మనకి బోలెడు అవకాశాలు ఇస్తున్నట్టు. నాకు అలాంటి అవకాశం ఒక్కటీ వాడుకోవాలనిపించలేదు.

యుద్ధం ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా చేసేదే, పాత పద్ధతి. కావాలంటే ఆట మొత్తాన్ని పాతకాలం 2డి బొమ్మల్లోకి మార్చుకోవచ్చు. నన్ను కట్టిపడేసింది మాత్రం రాత్రి క్యాంప్‌లో నిప్పు పక్కన పెట్టుకునే చిన్న కొలిమి. దారిలో ఏరుకున్న సామాన్లు అందులో వేసి కత్తి తయారు చేయాలి. కత్తి గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, ఒక్కో గడికి ఒక గీత, ఆ గీత మీద ఆకుపచ్చ భాగం. సుత్తి దెబ్బ వేసినకొద్దీ గీత నిండుతుంది. ఆకుపచ్చలో ఆగాలి, దాటితే పని చెడుతుంది. దెబ్బలకీ లెక్క ఉంది, అందుకే ప్రతిసారీ సుత్తి ఎత్తి ఆగి ఆలోచించాను. నా మొదటి కత్తి మామూలుగానే వచ్చింది. దాన్నే మళ్లీ కొలిమిలో పెట్టి ఇంకాస్త మెరుగు చేయొచ్చని తెలిశాక రాక్షసుల సంగతే మర్చిపోయాను. కథ నెమ్మదిగా నడుస్తుంది, అది ఒప్పుకోవాలి. వేగం కావాలనుకునేవాళ్లకి మొదటి రెండు గంటలు బరువుగా ఉంటాయి.

ఇక ది స్టాన్లీ పారబుల్, కథకుడి గొంతు చెప్పిన మాట వినాలో వద్దో మనమే తేల్చుకునే గేమ్. 2013 నాటి ఈ డెమోలో అసలు గేమ్‌లోని ఒక్క గది కూడా ఉండదు! డెమో కోసమే వేరేగా కట్టారు. వెయిటింగ్ రూమ్‌లో కూర్చోబెడతారు, కథకుడు డెమో ఇదిగో చూపిస్తానంటూ గదుల వెంట తిప్పుతాడు. మధ్యలో ఒక బటన్, నొక్కితే 'ఎనిమిది' అంటుంది. అంతే. నేను చాలాసార్లు నొక్కాను. మిగతాది చెప్పను, అరగంట పక్కన పెట్టుకుని మీరే ఆడండి. గేమ్‌లోది ఏదీ చూపించకుండానే ఆ గొంతు మాట వినడం, వినకపోవడం అనే పని నా చేతికి ఇచ్చేశారు.

నేను మొదట కొనబోయేది డ్రాగన్ క్వెస్ట్. రెసిడెంట్ ఈవిల్ 4 దాని వెనకాలే. డ్రాగన్ క్వెస్ట్‌లో నా ఆట ఇంకా ఆ క్యాంప్ దగ్గరే ఆగి ఉంది. కొలిమిలో కత్తి సగం అయింది, ఒక్క గడి ఆకుపచ్చలోకి రావాలి, రెండు దెబ్బలు మిగిలాయి.