ముందు స్క్రాప్ డబ్బా చూద్దాం

శ్రోతలందరికీ నమస్కారం.

మన రాయలసీమలో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కడప పక్కన కొప్పర్తిలో ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ వచ్చింది, ఓర్వకల్లులో పారిశ్రామిక వాడ పెరుగుతోంది. కర్నూలులో డిజైన్, తయారీ రంగాల కోసమే ట్రిపుల్ ఐటీ 2015 నుంచి నడుస్తోంది. ఇక ఆధునిక తయారీలో పరిశోధన అంటే దేనికి ముందు డబ్బు పెట్టాలి అన్న మాట వస్తుంది. నలుగురు పెద్దలు ఏసీ గదిలో కూర్చుని రోబోలు, త్రీడీ ప్రింటింగ్, కృత్రిమ మేధ అని రాసేస్తారు. ఆ జాబితా పుణెలోనైనా అదే, కోయంబత్తూరులోనైనా అదే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అవుతుంది.

మొదలుపెట్టాల్సింది షెడ్డులో ఓ మూలనుండే స్క్రాప్ డబ్బా దగ్గర. మూడు నెలలపాటు పనికిరాకుండా పోయిన ప్రతి ముక్కనూ రిజిస్టరులో రాయాలి. ఏ భాగం, ఏ కొలత తప్పింది, ఏ మెషీను, ఏ షిఫ్టు. పక్కనే లోహం ఖరీదు, మెషీను నడిచిన గంటల ఖర్చు కలిపి రూపాయల్లో వేయాలి. రూపాయల్లో వేయకపోతే గట్టిగా మాట్లాడేవాడి సమస్యే పెద్ద సమస్య అయిపోతుంది.

ఆ తర్వాత తప్పులను మూడు కుప్పలుగా విడదీయాలి. మందు తెలిసీ మనం వేయనివి ఒకటి. వేరే చోట మందు ఉన్నా మన ఎండకూ, మన నీళ్లకూ, మన రాయికీ సరిపడనివి రెండోది. ఎక్కడా మందు లేనివి మూడోది. పరిశోధన డబ్బు మొదటి కుప్పకు పైసా కూడా పోకూడదు. జాగ్రత్తపడకపోతే పోయేది మాత్రం అక్కడికే.

ఒక ఉదాహరణ చూద్దాం. అల్యూమినియం హౌసింగులో, అంటే యంత్ర భాగాలను లోపల పట్టి ఉంచే పెట్టెలో, 200 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. డ్రాయింగులో హెచ్ 7 అని ఉంది. అంటే కొలతలో 46 మైక్రాన్ల వెసులుబాటు, వెంట్రుక మందం కన్నా తక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అనంతపురంలో మే నెల, రేకుల షెడ్డు, లోపల 40 డిగ్రీలు. కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 1931 నుంచీ అదే ప్రమాణం. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి దాదాపు 23 మైక్రాన్లు సాగుతుంది. 20 డిగ్రీల తేడాకు మన రంధ్రం 92 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. కొలిచే ఉక్కు గేజీ కూడా అదే వేడిలో ఉంది కాబట్టి అదీ సాగుతుంది, కానీ సగమే, 46 మైక్రాన్లు. మిగిలిన తేడా 46. వెసులుబాటు మొత్తం ఎండే మింగేసింది. షెడ్డులో పాసైన ముక్క కొనుగోలుదారు ఏసీ గదిలో ఫెయిలవుతుంది. ఆపరేటరు మీద అరుస్తారు, మెషీను పాతదంటారు, కొత్త మెషీనుకు ప్రాజెక్టు రిపోర్టు రాస్తారు. కావలసింది ఒక చల్లని కొలత గది, ముక్కను అక్కడ మూడు నాలుగు గంటలు ఉంచే ఓపిక, గోడకో థర్మామీటరు. ఇది పరిశోధన కాదు.

రెండో కుప్పకు మన బోరు నీళ్లే సాక్షి. మెషీనులో టూలు చల్లబడటానికి నీళ్లలో నూనె కలిపి వాడతారు, 5 నుంచి 8 శాతం. నీళ్లలో నూనె పోయాలి, నూనెలో నీళ్లు పోయకూడదు. ఆ వరుస తప్పినా అది విరుగుతుంది. వరుస సరిగ్గా ఉన్నా, సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లయితే రెండు వారాల్లో పైన మీగడలా జిడ్డు తేలుతుంది. ట్యాంకు వాసన కొడుతుంది, ముక్కలు తుప్పు పడతాయి, టూలు తొందరగా మొండివారుతుంది. ఆర్‌ఓ పెట్టుకోండి అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా పడటం కష్టమైన జిల్లాలో, ఆర్‌ఓ పారబోసే నీళ్ల సంగతేమిటి? గంటకు 10 నుంచి 100 మిల్లీలీటర్ల నూనెను గాలితో తుంపరగా కొట్టే పద్ధతి ఉంది. అది 40 డిగ్రీల షెడ్డులో, మన దగ్గర ఎక్కువగా కోసే అల్యూమినియం మీద ఎంతసేపు నిలుస్తుందో కొలిచి చెప్పడం అసలైన పరిశోధన. అనంతపురం జేఎన్‌టీయూ లాంటి చోట ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషీను ఉంటే మొదలుపెట్టవచ్చు.

రాయి దగ్గర లెక్క ఇంకా ఘాటు. తాడిపత్రిలో గ్రానైటు దిమ్మెను 20 మిల్లీమీటర్ల పలకలుగా కోస్తున్నారనుకుందాం. బ్లేడు పళ్లు తినే మందం 7 మిల్లీమీటర్లు అనుకుంటే, ప్రతి 27 మిల్లీమీటర్లలో 7 బురద అవుతుంది. దిమ్మెలో నాలుగో వంతు! అది ఎండితే దుమ్మై ఊరి మీద పడుతుంది, అందులోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా, ఇచ్చేయొచ్చు అంటారు. బేతంచెర్ల బండ, కడప బండ సున్నపురాయి కాబట్టి వాటి బురదకు అక్కడ చోటుంది. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, దాని సోడా, పొటాష్ సిమెంటు కాల్చే కిల్నులో గోడలకు పేరుకుని అడ్డుపడతాయి. అందుకే రెండు బురదలూ ఒకే గుంటలో పోయకూడదు. ఈ ఒక్క మాట పాటిస్తే సున్నపురాయి బురదనైనా అమ్ముకోవచ్చు. సన్నని బ్లేడు వంకరపోకుండా కోయించడం, గ్రానైటు బురదను ఇటుకగా మార్చడం మాత్రం పరిశోధనకు తగిన పనులు. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయిని (బెరైటీసు) చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు పొడిచేసి పంపడంతో ఆపకుండా బేరియం రసాయనాలదాకా తీసుకెళ్లడమూ ఈ కోవలోదే.

ఏది ముందు అన్నది తేల్చడానికి పదికి మార్కులు వేయమంటే అందరూ అన్నిటికీ ఏడు వేస్తారు. మనిషికి వంద చింతగింజలు ఇవ్వండి, సమస్యల డబ్బాల్లో పంచమనండి. ఒక దానికి ఎక్కువ వేస్తే ఇంకోదానికి తగ్గక తప్పదు. ప్రొఫెసరుకు ఎన్నో, లేత్ ఆపరేటరుకూ అన్నే. ఒకసారి నష్టం చూసి, మరోసారి మన చేతనవుతుందా అని చూసి, విడివిడిగా పంచాలి. రెండింటినీ కలిపితే సులభమైన పనులే పైకి తేలతాయి.

ఎంపికయ్యాక, ఏ మెట్టు మీద ఉందో చూడాలి. ఒక కొత్త పద్ధతి వాడకానికి ఎంత సిద్ధమైందో చూపడానికి నాసా 1970లలో మొదలుపెట్టిన కొలబద్దకు ఇప్పుడు తొమ్మిది మెట్లు. కాలేజీలు మూడు నాలుగు మెట్ల దగ్గర ఆగుతాయి, ఫ్యాక్టరీ ఎనిమిదో మెట్టు దిగి రాదు. యాభై ముక్కలు బాగా వచ్చిన పద్ధతి మూడు షిఫ్టుల్లో ఐదువేలు చేయగానే తడబడుతుంది. 2025 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన పథకం నాలుగో మెట్టు, ఆపైన ఉన్న పనులకే. కింది మెట్లకు వేరే నిధి చూసుకోవాలి.

ఆపే షరతు కూడా ముందే రాసి సంతకం పెట్టించాలి. బురద ఇటుక అయితే 500 ఇటుకలు చేయాలి, 24 గంటలు నానబెట్టినా బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు, ఆరు నెలల్లో కుదరకపోతే ఆపి, గింజలు ఎక్కువ పడిన తర్వాతి డబ్బా తెరవాలి.

రేపు రిజిస్టరు తెరిచేవాళ్లు తారీఖు పక్కన షెడ్డు ఉష్ణోగ్రతకు ఒక గడి గీయండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి రాయండి. ఆ గడి లేకపోతే, పాడైన ముక్కల్లో ఎండవల్ల పోయినవేవో, మనిషివల్ల పోయినవేవో మూడు నెలల తర్వాత ఎవరూ విడదీయలేరు.

నమస్కారం.