ఫిల్లర్ పెంచే ముందు గింజలు ఆరబెట్టండి

నమస్తే అండీ. నా చేతిలో ఉన్న ఈ పలచటి ఫిల్మ్ చూడండి, ఇది పీఎల్ఏ, అంటే పాలీ లాక్టిక్ యాసిడ్ అనే ప్లాస్టిక్. కొంచెం వంచుతున్నా... అప్పడంలా విరిగింది, విన్నారా? స్టెంట్ అంటే గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే జాలీ గొట్టం. ఒంట్లో కరిగిపోయే స్టెంట్లు ఎక్కువగా ఈ కుటుంబం పాలిమర్లతో, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న ప్లాస్టిక్‌లతో చేస్తారు.

1990ల్లో కలామ్ గారూ, గుండె డాక్టర్ సోమరాజు గారూ కలిసి స్టెంట్ తయారు చేసింది మన హైదరాబాద్‌లోనే, కానీ అది లోహం, దానికి బలం గురించి బెంగ లేదు. పాలిమర్‌కి ఉంది. 2016లో అమెరికాలో అనుమతి వచ్చిన అబ్సార్బ్ అనే కరిగిపోయే స్టెంట్ తీగలు 150 మైక్రాన్ల పైనే, లోహపు వాటికి దాదాపు రెట్టింపు. తీగ మందమైతే దాని వెనక రక్తం నిలిచిపోయి గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఆ స్టెంట్‌లో గడ్డలు ఎక్కువ కనిపించాయి, 2017లో అమ్మకం ఆపేశారు. అందుకే మనం బలం పెంచేది తీగని సన్నబరచడానికి, అది మర్చిపోకండి.

బలం అనగానే అందరూ ఫిల్లర్, అంటే నానో హైడ్రాక్సీఅపటైటో, సెల్యులోజ్ నానో క్రిస్టల్సో లాంటి అతి సన్నటి పొడి కలిపేస్తారు. నేనూ అదే చేశాను. జులై నెల, బయట ముసురు, ఫిల్మ్ చేయడానికి కరిగించే పీఎల్ఏ గింజల ప్యాకెట్ విప్పి రెండు రోజులు బల్ల మీదే వదిలేశాను. ఫిల్మ్ నిండా చిన్న చిన్న బుడగలు. బలం చాలలేదేమో అనుకుని ఫిల్లర్ పెంచుకుంటూ పోయాను, ఇంకా పెళుసైంది. అసలు దొంగ తేమ! కరిగించే వేడిలో ఆ నీళ్లే పాలిమర్ గొలుసుల్ని తెంపేస్తాయి. స్ఫటిక గింజలైతే 80 డిగ్రీల దగ్గర నాలుగైదు గంటలు వాక్యూమ్‌లో ఆరబెట్టి, వెంటనే వాడండి.

ఫిల్లర్ ఒకటి నుంచి మూడు శాతంతో మొదలుపెట్టండి. ఎక్కువైతే ఉండలు కడుతుంది, పగులు ఆ ఉండ దగ్గరే మొదలవుతుంది. ఫిల్లర్ రేణువు మీద పీఎల్ఏ గొలుసులు అతికిస్తే పట్టు బాగుంటుంది. సాగుడు కావాలంటే పీసీఎల్, అంటే పాలీ కాప్రోలాక్టోన్ అనే మెత్తటి పాలిమర్, కలపండి, అయితే ఆ రెండూ నూనె, నీళ్లలా విడిపోతాయి కాబట్టి రెండింటినీ కలిపి పట్టి ఉంచే కంపాటిబిలైజర్ తప్పదు.

ఇక రక్తం. అది తాకిన క్షణాల్లోనే ఫైబ్రినోజెన్ లాంటి, గడ్డ కట్టించే ప్రోటీన్లు అతుక్కుంటాయి, వాటి మీదకి ప్లేట్‌లెట్లు వస్తాయి. పైకి పొడుచుకొచ్చిన రేణువులు వాటికి ఆసరా అవుతాయి. ఎర్ర కణాల పగులుడు, అంటే హిమోలిసిస్, 2 శాతం లోపు ఉండాలి, 5 దాటితే పక్కన పెట్టేయండి. ఈ పరీక్ష కొత్త ఫిల్మ్ మీద చేసి ఊరుకోవద్దు, 37 డిగ్రీల దగ్గర ఉప్పు ద్రావణంలో వారాల పాటు నానిన దాని మీదా చేయండి, పాలిమర్ అరిగే కొద్దీ లోపలి ఫిల్లర్ బయటికి వస్తుంది మరి.

స్టెరిలైజేషన్‌కి, అంటే క్రిములు లేకుండా చేయడానికి, వేడి ఆవిరి వాడే ఆటోక్లేవ్ వద్దు, 60 డిగ్రీలకే మెత్తబడే పదార్థం 121కి వంకర పోతుంది. గామా కిరణాలు గొలుసుల్ని తెంపుతాయి. ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్ నయం, తర్వాత గ్యాస్ పూర్తిగా పోయేదాకా ఆగాలి.

ఇదిగో, బాగా ఆరబెట్టి పీసీఎల్ కలిపిన రెండో ఫిల్మ్. వంచుతున్నా... మడత దగ్గర తెల్లగా మారింది చూశారా, లోపల రెండు పాలిమర్ల మధ్య పట్టు కాస్త వదులుతోంది, కానీ విరగలేదు.