తెలియక కాదు

(కావలిలో హెచ్ఐవీ నివారణ క్షేత్ర కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం ‘సెక్స్ వర్కర్లలో అవగాహన పెంచడం’. అంశంతోనే నాకు పేచీ ఉంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి వెంట ఇన్నేళ్లు తిరిగాను. కండోమ్ ఎందుకో తెలియని మనిషి నాకు అరుదుగా తగిలింది. ‘అన్నీ తెలుసు మేడమ్, మొన్న మాత్రం వాడలేదు’ అంటారు. ఆ మొన్న ఏం జరిగిందో అడగడమే మన పని.

ఒకామె చెప్పింది. బేరం అయిదు వందలు. కండోమ్ లేకుండా అయితే ఇంకో మూడు వందలు ఇస్తానన్నాడు. తెల్లారితే గ్రూపు లోను వాయిదా. ఇందులో అవగాహన లోపం ఎక్కడుంది? జబ్బు ఎప్పుడో వచ్చేది, వాయిదా రేపటిది. అతను తాగి ఉంటే వాదనకే తావు లేదు. తలుపు మూసిన గదిలో ‘వద్దు’ అంటే దెబ్బలు తినాల్సి రావచ్చు.

ఇంకొకటి ఉంది, మన ఫారాల్లో ఇది సరిగా పడదు. కస్టమర్లతో తప్పకుండా వాడే మనిషి, ఇంటికి వచ్చిపోయే ‘ఆయన’తో వాడదు. తాళి కట్టినా కట్టకపోయినా అతను ఆయనే. ఆమె కండోమ్ బయటికి తీస్తే ‘నన్నూ వాళ్లలో కలిపేశావా’ అంటాడు. ఆ ఒక్కడి దగ్గరైనా తాను బేరం కాదనిపించుకోవాలని ఆమెకు ఉంటుంది. దీనికి నా దగ్గర మందు లేదు. ఇద్దరినీ కలిపి పరీక్షకు రప్పించగలిగినప్పుడు మాత్రం కొంత ఫలితం చూశాను.

పోలీసుల సంగతి. సోదాలో దొరికితే సాక్ష్యమవుతాయని మనమిచ్చిన కండోములను కాలువలో పారేసినవాళ్లున్నారు. ఆరోగ్యం కోసం వాడే కండోములను నేరంగా గానీ, నేరానికి సాక్ష్యంగా గానీ చూడరాదని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట తెలుగులో రాసి సంచిలో పెట్టుకోండి, పనికొస్తుంది.

తెలిసినదాంట్లోనూ తప్పులు లేకపోలేదు. రెండు తొడిగితే భద్రం అనుకుంటారు, రాపిడికి చిరుగుతాయి. కొబ్బరినూనె రాస్తారు, అది రబ్బరును పాడుచేస్తుంది. చిరిగితే హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ‘రేపు చూద్దాం’ అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇక్కడికి దగ్గరే దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా చెడ్డదని వాళ్లకు పాఠం చెప్పాలా? రోజూ రాత్రి ఇంట్లో చూస్తున్నదే. తరగతి వాళ్లకిచ్చింది పదిమంది ఒకచోట కూర్చునే వేళ. కండోమ్ విషయమూ అంతే. ఒకామె కాదంటే అతను పక్కనామె దగ్గరికి వెళ్తాడు. పక్కనామె కూడా కాదంటే ఆ మూడు వందలు చెల్లవు. కోల్‌కతాలో సెక్స్ వర్కర్ల పేట సోనాగాచిలో 1992లో మొదలైన హెచ్ఐవీ నివారణ పని ఈ దారిలోనే సాగింది.

అయితే అక్కడ ఒక పేట ఉంది. మనకు లేదు. ఇప్పుడు బేరమంతా ఫోనులోనే. ఒకే బస్సులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకరి పని ఒకరికి తెలియదు. కాబట్టి వాళ్లు వచ్చి కాసేపు నడుం వాల్చడానికి, స్నానం చేయడానికి ఒక గది కావాలి. ఆ గదిలో దయచేసి ఉపన్యాసాలు పెట్టకండి. టీ పెట్టండి చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

రిజిస్టరులో ఎవరికి ఎన్ని ఇచ్చామో రాస్తున్నాం. పై అధికారులకు అది కావాలి, రాయండి. వెనక పేజీలో పేర్లు లేకుండా ఇంకో లెక్క మొదలుపెట్టండి: వాడనిది ఏ రోజు, ఎవరితో, ఎందుకు. వచ్చే నెల ఆ పేజీలు తీసుకురండి.