బస్తాలో నీలం

అందరికీ నమస్కారం. ఉత్తర ఫ్రాన్స్‌లోని పికార్డీ అనగానే ఎవరైనా ముందు చూపించేది అమియెన్ కెథడ్రల్. 1220లో మొదలుపెట్టారు. లోపల నిలబడి తలెత్తితే కప్పు 42 మీటర్ల ఎత్తున ఉంటుంది. మెడ పట్టేసేదాకా అందరూ పైకే చూస్తారు. నేను మిమ్మల్ని బయటికి, దక్షిణం వైపు గోడ దగ్గరికి తీసుకెళ్తాను.

అక్కడ ఇద్దరు మనుషుల రాతిబొమ్మలున్నాయి. రాజులు కారు, సాధువులూ కారు. వాళ్ల మధ్య నిండుగా ఓ బస్తా. అమియెన్ చుట్టుపక్కల ఊళ్లలో వెయిద్ అమ్ముకునే మంచివాళ్లు తమ దానంతో ఈ చిన్న ప్రార్థన గది కట్టించారని శాసనం. మన గుళ్లలో తెలికివాళ్ల దానశాసనాలు చూసినవాళ్లకి ఈ వరస కొత్తేం కాదు.

వెయిద్ అంటే నీలం రంగు కోసం పెంచిన, పసుప్పచ్చ పూలు పూసే ఓ మొక్క. నీలం ఉండేది పూలలో కాదు, ఆకులో. ఆకుని గానుగలాంటి రాతి చక్రం కింద నలిపి, చేత్తో ముద్దలు చుట్టి, నీడన ఆరబెట్టేవాళ్లు. ఎండాక ఆ ముద్దల్ని పగలగొట్టి, తడిపి, వారాల తరబడి పులియబెట్టేవాళ్లు. ఆ కంపు భరించడం మామూలు విషయం కాదు. అద్దకం తొట్టిలోంచి తీసినప్పుడు ఉన్ని ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమవుతుంది.

ఈ సరుకుకి ఇంగ్లండ్‌లో మంచి గిరాకీ. 1237లో అమియెన్, కోర్బీ, నేల్ పట్టణాల వర్తకులు లండన్ నగరంతో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ నగరానికి మంచినీళ్ల గొట్టాలు వేయడానికి 100 పౌండ్లు కూడా ఇచ్చారు. వ్యాపారం ఏ స్థాయిలో ఉందో చూడండి!

తర్వాత యుద్ధాలొచ్చాయి. 1346లో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య క్రెసీ పోరు జరిగింది ఈ నేల మీదే. వెయిద్ వ్యాపారం మెల్లగా దక్షిణాన తులూజ్ వైపు జారిపోయింది. ఆపైన ఓడల్లో మన నీలిమందు దిగింది. రంగు పదార్థం ఒకటే, కానీ నీలిమందులో ఎన్నో రెట్లు ఎక్కువ. 1609లో ఫ్రాన్స్ రాజు నాల్గవ హెన్రీ నీలిమందు వాడితే మరణశిక్ష అన్నాడు. అయినా ఆగలేదు. అదే శతాబ్దంలో ఖమ్మం దగ్గర నాగులవంచలో డచ్చివాళ్లు స్థావరం పెట్టుకున్నది బట్టలకీ, నీలిమందుకీనే.

అమియెన్‌లో ఆ ఇద్దరూ ఇంకా బస్తా పట్టుకునే ఉన్నారు.